పావు పువ్వు

ఇందుజ పువ్వును పూర్తిగా గీసింది. నాలుగు దిక్కులా గీసింది. రేకు రేకుకూ స్కేలు పెట్టి కొలిచి గీసింది. గీసి, పెన్సిలు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

బడి హాల్లో చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు నర్సిరెడ్డి సారు ఆ కాగితాన్ని పైకెత్తి నలుగురికీ తిప్పి తిప్పి చూపించాడు. "చూడండి, వెంట్రుకవాసి తేడా లేదు! పోయినేడాది ఈ పిల్లకు లెక్కల్లో ముప్పై ఎనిమిది. ఇయ్యాల తొంభై ఆరు!"

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ శ్రీశైలం చప్పట్లు కొట్టలేదు. కొట్టబోయాడు. చేతులు రెండూ నడుమనే ఆగిపోయాయి. ఆ పిల్ల అతని అక్క బిడ్డ. ఆమె నుదుటి మీదున్న నీలం పట్టీని ఆ పొద్దున కట్టింది అతనే. లెక్కల ల్యాబులో అతని కొలువే అది. బడి బడికీ తిరిగి పిల్లల తలలకు పట్టీలు కట్టడం, తెర మీద గీతలు చూడడం, కాగితాల మీద టిక్కులు పెట్టడం.

ఇందుజ ఉరికొచ్చి అతని చేయి పట్టుకుంది. "మామా, మంచిగ గీసిన్నా?"

"మంచిగనే గీసినవ్ కోడలా. కాని మొత్తం ఎందుకు గీసినవ్?"

పిల్ల అతన్ని వింతగా చూసింది. "గీయకపోతె అసంపూర్తి అయితది గదా."

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది శ్రీశైలానికి. ఎక్కడ విన్నాడో గుర్తుకు రాలేదు.

కంచనపేటలో చిటికి పని చేసే ఇళ్ళలో ఎవరూ పువ్వును మొత్తం గీయరు. ఎందుకో చెప్పాలి. ఆ ఊళ్ళో బట్ట నేసినాక రంగు వేయరు. నేయకముందే నూలుకు వేస్తారు. పోగులను ఆసు మీద, అంటే మేకులు దిగ్గొట్టిన కర్ర చట్రం మీద, సాగదీసి చుడతారు. మడత మీద మడత వేసి, సైకిలు ట్యూబు పీలికలతో బిగించి అక్కడక్కడ ముడులు కడతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. రంగు ఆరినాక ముడులు విప్పి నేస్తే పువ్వు లేస్తుంది. నూలు మడతలో ఉంటుంది కాబట్టి ఒక్క ముడి కడితే నాలుగు చోట్ల తెలుపు నిలుస్తుంది. పావు పువ్వు గీసుకుంటే చాలు, ముప్పావు మడతలోనే ఉంటుంది. విప్పని మడతను విప్పినట్టు చూడగలగడమే ఆ పనిలో ఉన్న గుట్టంతా. దాన్ని ఎవరూ పిల్లలను కూర్చోబెట్టి నేర్పరు. పిల్లలు నడక నేర్చుకున్నట్టే నేర్చుకుంటారు.

ఇందుజ ఆరేళ్ళప్పుడు, ఇంకా రంగులో ముంచని నూలు పక్కన కూర్చుని, "అమ్మా, గీడ ముడి తప్పినవ్. చిలకకు రెండు ముక్కులు వస్తయ్" అన్న పిల్ల. తల్లి స్వరూప నమ్మక అట్లనే ముంచింది. చిలకకు రెండు ముక్కులే వచ్చాయి. ఆ చీరను చూసి వాడకట్టంతా నవ్వింది.

అలాంటి పిల్ల ఇప్పుడు స్కేలు పెట్టి నాలుగు దిక్కులా గీస్తున్నది.

*

లెక్కల ల్యాబు పట్నం అవతల, గుట్టలు కొట్టి చదును చేసిన చోట ఉంది. దాన్ని నడిపేది డాక్టరు హైమవతి. ఆమె చెడ్డ మనిషైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. ఆమె చెడ్డది కాదు. లెక్కలంటే భయపడి బడి మానేసిన పిల్లలను తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి. వాళ్ళ కోసమే పదకొండేళ్ళు కూర్చుని ఆ పట్టీని తయారు చేసింది.

పట్టీ లోపల వెండి గుండీలు వరసగా ఉంటాయి. అవి తల లోపల నడిచే ఆలోచనను వింటాయి. విన్నది తెర మీద గీతగా పడుతుంది. కొలువులో చేరిన మొదటి రోజు శ్రీశైలం దాని తొలి నమూనాను తన నుదుటికే కట్టి చూసుకున్నాడు. "పద్దెనిమిది అయిదులెంతో చెప్పండి" అంది హైమవతి. అతను చిన్నప్పటి నుంచీ చేసినట్టే చేయబోయాడు. పద్దెనిమిది పదులు నూటఎనభై, అందులో సగం... సగం దగ్గరికి వచ్చేసరికి నుదుటి మీద చల్లగా తాకింది. అంతే. ఆ సగం ఎటో పోయింది. ఏం తలుచుకుంటున్నాడో మరిచాడు. తర్వాత వెచ్చగా తాకింది. ఆ వెచ్చదనం వెంట వేరే దారి తెరుచుకుంది. ఎనిమిది అయిదులు నలభై, సున్నా వేసి చేతిలో నాలుగు, ఒకటి అయిదులు అయిదు, అయిదూ నాలుగూ తొమ్మిది.

"తొంభై మేడం."

"చూశారా? పుస్తకంలో ఉన్న మెట్ల మీదుగా నడిచారు. మీ గీత తిన్నగా పడింది."

శ్రీశైలం ఆ రోజు నవ్వాడు. సంతోషించాడు కూడా. అతను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడు. జవాబులన్నీ సరిగ్గానే ఉండేవి. మెట్లే ఉండేవి కావు. "జవాబు ఎక్కడికెల్లి ఎత్తుకొచ్చినవ్ రా?" అని లెక్కల సారు చెంప పగలగొట్టాడు ఒకసారి. ఎత్తుకురాలేదని ఎలా చెప్పాలో ఆ వయసులో తెలియలేదు. ఈ పట్టీ అప్పుడే ఉంటే నాకా దెబ్బ తగిలేది కాదు గదా అనుకున్నాడు.

రెండేళ్ళ కిందట హైమవతి అతన్ని పిలిచి, "బడిలో కాకుండా ఇంట్లో, పనిలో లెక్క నేర్చిన పిల్లలు కావాలి. మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

అతనికి ఛాతీ ఉబ్బింది. "మా అక్క బిడ్డ ఉన్నది మేడం. తొమ్మిదేండ్లు. మీరొక్కసారి చూడాలె."

ఎనిమిది రోజులు హైమవతి కంచనపేటలో స్వరూప ఇంట్లోనే కూర్చుంది. ఇందుజ నుదుటికి పట్టీ కట్టారు. అది తాకే పట్టీ కాదు, విని గీత గీయడమే చేసే పట్టీ. పిల్ల ఆసు ముందు కూర్చుని ముడులు కడుతుంటే తెర మీద గీత మెలికలు తిరిగింది. మడిచి, విప్పి, మళ్ళీ మడిచి. అంత చక్కటి గీతను ఎక్కడా చూడలేదంది హైమవతి. స్వరూప ఆమెకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. బావ వెంకటేశం మగ్గం గుంటలో నుంచే, "మేడమ్‌కు ఇంకో రొట్టె వెయ్యవే. మన పిల్ల తలకాయ చదువుతున్నది, ఆకలైతది" అని నవ్వించాడు.

ఆఖరి రోజు ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. అందులో ఒకటి: పువ్వు కొంచెం గీసి ఉంది, బొమ్మను పూర్తి చేయండి అని. ఇందుజ పావు వరకు గీసి పెన్సిలు కింద పెట్టింది.

"ఇంకా ముప్పావు మిగిలి ఉంది కదమ్మా?" అంది హైమవతి.

"అది నేనెందుకు గీయాలె? అదే వస్తది."

అందరూ ఘొల్లున నవ్వారు. ముద్దు పెట్టుకున్నారు. తర్వాత కాగితాలు దిద్దే పని శ్రీశైలానికి పడింది. ఆ ప్రశ్నకు ఎదురుగా రెండే గడులు ఉన్నాయి. ఒకటి పూర్తి, రెండోది అసంపూర్తి. అతను ఆ ఇంట పుట్టి, ఆ ఆసు కింద పాకిన మనిషి. కాని ఉన్నవి రెండే గడులు. పువ్వు పావే ఉంది. రూలు రూలే. పెన్ను తీసి అసంపూర్తి దగ్గర టిక్కు పెట్టాడు. పక్క కాగితం తీసుకున్నాడు.

అంతే జరిగింది. ఒక్క టిక్కు. పెట్టిన సంగతి కూడా తర్వాత మరిచిపోయాడు.

*

బడి హాల్లో పువ్వు చూసిన రెండో రోజు ఆదివారం. శ్రీశైలం పొద్దున్నే బస్సెక్కి కంచనపేట వచ్చాడు. స్వరూప వాకిట్లో రంగు ఆరిన నూలు ముందు వేసుకుని కూర్చుంది.

"ఏందిరా తమ్మీ, చెప్పకుండ చెయ్యకుండ ఊడిపడ్డవ్? ల్యాబుల అన్నం పెడ్తలేరా?"

"అక్కా, ఇందు ముడులు కట్టి ఎన్ని రోజులైంది?"

"ఏడాది దాటింది. బడి నుంచి వచ్చి ఆ పట్టీ పెట్టుకునే కూసుంటది గదా, టైమేడిది? నా మణికట్టు వాచిందని బేస్తారం నాడు నేనే కూసోబెట్టిన. ఇగో, ఇదే. నువ్వూ ఒక చెయ్యెయ్యి, విప్పుదాం."

ఇద్దరూ పీలికలు విప్పారు. విప్పుతుంటేనే స్వరూప వేళ్ళు నెమ్మదించాయి. ముడులు ఉండవలసిన దానికి నాలుగింతలు ఉన్నాయి. అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. అంత బిగుతుగా, అంత శుభ్రంగా స్వరూప కూడా కట్టలేదు. మడతలు తీసి నూలును పొడుగ్గా పరిచారు. పువ్వు ఉండవలసిన చోట తెల్లటి మచ్చలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పొక్కులు లేచిన చర్మంలా ఉంది. రేకు లేదు, కాడ లేదు.

వెంకటేశం మగ్గం గుంటలో నుంచి తొంగి చూశాడు. "ఇదేం డిజైనే? కొత్తదా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఎక్కి వచ్చాడు.

"మడత మీద పువ్వు మొత్తం కట్టింది" అంది స్వరూప మెల్లగా. "పావు కట్టాల్సిన కాడ నాలుగు పావులూ కట్టింది. ఇందూ! ఓ ఇందూ! ఇటు రావే. ఏందే ఇది? కండ్లు నెత్తికెక్కినయా? తొంభై ఆరు మార్కులొస్తె నూలు పాడుచేస్తవా?"

ఇందుజ వచ్చి నిలబడింది. నూలు చూసింది. తల్లి మొహం చూసింది. "తప్పు లేదమ్మా. ప్రతి ముడి కొలిచి కట్టిన. కావాలంటే మల్ల కొలువు."

"కొలవనీకి ఏమున్నదే? మడిచి ఉన్నది గదా! మడత కనిపిస్తలేదా నీకు?"

పిల్ల నూలు పట్టుకుని మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది. దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"కనిపిస్తలేదు" అంది. "ముందు కనిపించేది. ఇప్పుడు కనిపిస్తలేదమ్మా. మడిస్తె మడిచినట్టే ఉంటది. లోపలికి పోబోతె నుదురు సల్లగైతది."

"పట్టీ లేదు గదా బిడ్డా ఇప్పుడు!" అన్నాడు శ్రీశైలం.

"లేకున్నా సల్లగైతది మామా."

స్వరూప తిట్టడం ఆపింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుని నుదుటి మీద అరచేయి పెట్టింది. జ్వరం వచ్చిందేమో చూసినట్టు చాలాసేపు అట్లనే పెట్టి ఉంచింది. అప్పుడు తమ్ముడి వైపు తలెత్తింది.

"నువ్వే గద రా తెచ్చింది" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

*

సోమవారం పొద్దున ల్యాబు తలుపు తీసేది అతనే. ఎవరూ రాకముందే పాత దస్త్రాల గదిలోకి పోయాడు. పట్టీకి తిన్నని గీత ఏదో, వంకర గీత ఏదో ఎవరో ఒకరు నేర్పాలి గదా. దేన్ని వెచ్చగా పెంచాలో, దేన్ని చల్లగా ఆర్పాలో నేర్పిన మాదిరులు అక్కడుంటాయి. అవి వెతికాడు.

ఆర్పవలసిన మాదిరుల కట్టలో నలభై కాగితాలు ఉన్నాయి. నాలుగో నెంబరు, రాళ్ళు కొట్టే వాళ్ళ పిల్ల. దారం వేలాడదీసి గోడ ఎంత వంగిందో చెప్పగలదు. 'పద్ధతి లేదు' అని టిక్కు. ఇరవై రెండు, మేకలు కాసే వాళ్ళ పిల్ల. మందను లెక్క పెట్టదు గాని, ఏ మేక తప్పిపోయిందో ఒక్క చూపులో చెప్తుంది. 'లెక్కించలేదు' అని టిక్కు. పదిహేడు, కంచనపేట, చిటికి పని. పావు పువ్వు. 'అసంపూర్తి'. పక్కనే ఎర్ర సిరాతో రాసి ఉంది: అన్నిటికంటే బలమైన గీత. దీన్నే ముఖ్య మాదిరిగా తీసుకోవాలి.

శ్రీశైలం ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ళు ఇందుజ తల నుంచి నేర్చుకోవడానికి రాలేదు. దేన్ని ఆర్పాలో తెలుసుకోవడానికి వచ్చారు. రొట్టె తిని, ముద్దు పెట్టుకుని, ఆ పిల్ల ఆలోచనను అచ్చు తీసుకుపోయి, యాభై బడుల్లో ఆ అచ్చుకు సరిపోయిన దీపాన్నల్లా ఆర్పేశారు. చివరికి ఆ పట్టీనే తెచ్చి ఆ పిల్ల తలకే కట్టారు. కట్టింది మేనమామ.

హైమవతి వచ్చేసరికి అతను ఆమె గదిలో నిలబడి ఉన్నాడు. మాదిరుల కట్టను బల్ల మీద పెట్టి, పదిహేడో కాగితాన్ని పైకి తీశాడు.

"ఈ గీత వంకరని ఎవరన్నరు మేడం?"

ఆమె కాగితం చూసింది. కళ్ళద్దాలు తీసింది. "టిక్కు ఎవరిదో చూశారా?"

చూశాడు. చూసినా మళ్ళీ చూశాడు. తన టిక్కే. తోక పొడుగ్గా లాగే అలవాటు అతనిది.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు" అంది హైమవతి. "ఉన్నవి రెండే గడులు. మీ స్థానంలో ఎవరున్నా అదే పెడతారు. కాని శ్రీశైలం, మీరూ ఆలోచించండి. ఒక క్లాసులో నలభై మంది నలభై దారుల్లో పోతే టీచరు ఎవర్నని దిద్దుతాడు? ఒక్క దారి ఉంటే అందరూ గట్టెక్కుతారు. ఫెయిలయ్యే పిల్లలు సగానికి తగ్గారు. మీకు తెలుసు, మీరే గదా లెక్క తీశారు."

"దిద్దుడెందుకు మేడం? అడిగితె చెప్తరు గదా, ఎట్ల వచ్చిందో. ఎనిమిది రోజులు మా ఇంట్ల కూసున్నరు. ఒక్కసారన్న అడిగిన్రా ఆ పిల్లను, ఎట్ల తెలిసింది బిడ్డా అని?"

ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"నేనూ అడగలేదు" అన్నాడు అతనే. ఆ మాట చెప్తుంటే చిన్నప్పుడు దెబ్బ తిన్న చెంప మండింది. "పట్టీ తీసేస్తె మడత మల్ల వస్తదా ఆ పిల్లకు?"

"తెలియదు."

"తెలియదంటె?"

"ఆర్పడం వరకే పరీక్ష చేశాం. తిరిగి వస్తుందా అన్నది... అది మా ప్రాజెక్టులో లేదు. పన్నెండేళ్ళు దాటకపోతే రావచ్చు. రాకపోవచ్చు."

"ఆర్పుడు నేర్చుకున్నరు. వెలిగించుడు నేర్చుకోకుండనే యాభై బడులు తిరిగిన్రు!"

బయట ఆఫీసు గదిలో మాటలు ఆగిపోయాయి. హైమవతి లేచి తలుపు దగ్గరికి వేసింది. "ఒక పని చేద్దాం" అంది. "పదిహేడో కాగితం మీద టిక్కు మారుద్దాం. 'పూర్తి' కింద వేద్దాం. అప్పుడు పట్టీ ఆర్పిన దాన్నే పెంచుతుంది. ఇందుజ గీత ఇందుజకు వెనక్కి వస్తుందేమో. ఎల్లుండి మీ ఊరి బడిలోనే జాయింట్ డైరెక్టరుగారి ముందు ప్రదర్శన. ఆయన సంతకం పెడితే రాష్ట్రంలో ప్రతి బడికీ పట్టీ పోతుంది. ప్రతి పిల్లకూ మీ ఇందుజ మడత వస్తుంది. అన్యాయం న్యాయమైపోతుంది గదా?"

శ్రీశైలానికి ఒక్క నిమిషం ఆశ పుట్టింది. లేదంటే అబద్ధం. ఇందుజ మొహం కనిపించింది, ముడి తప్పిందని చెప్పిన ఆరేళ్ళ మొహం. చేయి పెన్ను దాకా పోయింది. కాని బల్ల మీద ఇరవై రెండో కాగితం కూడా ఉంది. మేకల పిల్లది. ఆమె తలలో మడత లేదు. అక్కడ మేకలున్నాయి. పట్టీ పోయి ఆమె మేకలను తరిమేసి, ఆ దొడ్లో ఇందుజ నూలు పరుస్తుంది. ఆ పిల్లకూ నుదురు చల్లబడుతుంది. ఆ పిల్లకూ ఒక తల్లి ఉంటుంది, నుదుటి మీద చేయి పెట్టి చూసేది.

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. పదిహేడో కాగితం నాలుగు మడతలు వేసి అదే జేబులో పెట్టుకున్నాడు.

"అది ల్యాబు ఆస్తి శ్రీశైలం."

"మా కోడలు పువ్వు మేడం" అని బయటికి వచ్చేశాడు.

*

బుధవారం కంచనపేట బడికి మామిడాకుల తోరణం కట్టారు. జాయింట్ డైరెక్టరు వచ్చాడు, ఆయన వెంట నలుగురు ఆఫీసర్లు వచ్చారు. తల్లులను కూడా పిలిచారు, చప్పట్లకు. నర్సిరెడ్డి సారు మైకు పట్టుకుని, "ఇప్పుడు మన బడి బంగారు తల్లి తిరందాసు ఇందుజ!" అన్నాడు.

ఇందుజ వేదిక ఎక్కింది. నీలం పట్టీ చేతిలోనే ఉంది. కట్టవలసింది మామ. మామ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. కట్టలేదు. మైకు ముందుకు పోయాడు.

అతను మాటకారి కాదు. జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, పైకి పట్టుకున్నాడు.

"ఇది రెండేండ్ల కింద ఈ పిల్ల గీసిన పువ్వు. పావే గీసింది. మనూర్ల అందరికీ తెలుసు, పావంటె పువ్వంతా అని. నాకూ తెలుసు. తెలిసి కూడా అసంపూర్తి అని టిక్కు పెట్టిన. ఆ టిక్కును చూసి పట్టీ నేర్చుకున్నది, పిల్లల తలల్లో దేన్ని ఆర్పాలో. ఆ టిక్కు తప్పు. కొట్టేస్తున్న." పెన్నుతో తోక పొడుగు టిక్కును అడ్డంగా కొట్టేశాడు. కాగితం చిరిగింది.

హాల్లో గుసగుసలు లేచాయి. నర్సిరెడ్డి సారు అతని చొక్కా పట్టుకుని గుంజాడు. "ఏందయ్యా నువ్వు, దిగు!" జాయింట్ డైరెక్టరు చేయెత్తాడు. మర్యాదస్తుడు. "చూడండి, ఇది టెక్నికల్ విషయం. మీకు అనుమానాలుంటే కమిటీ వేస్తాం. మార్కులు పెరిగిన మాట నిజమా కాదా?"

"పెరిగినయ్ సారూ" అని వెనక నుంచి వినిపించింది. స్వరూప. పాడైన నూలును భుజం మీద వేసుకుని నడుచుకుంటూ ముందుకు వచ్చింది. దాన్ని తెచ్చి ఆయన ముందు బల్ల మీద, పూలగుత్తి పక్కన పరిచింది. "ఇవి కూడా పెరిగినయ్. ఒక్క పువ్వు రావాల్సిన కాడ ఇన్ని పుండ్లు వచ్చినయ్. నా బిడ్డ ఆరేండ్లకు నా తప్పు పట్టింది సారూ. ఇప్పుడు తన తప్పు తనకు కనిపిస్తలేదు. కొలత సరిగ్గ ఉన్నదంటది. ఉన్నది, నేనూ కొలిచిన. కాని పువ్వేది?"

"అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ..."

"ఒక్క మాట అడుగుత. మీకు పిల్లలున్నరా?"

"ఉన్నారమ్మా. ఇద్దరు."

"వాళ్ళకు కట్టిన్రా ఈ పట్టీ?"

పక్కనున్న ఆఫీసరు ఫైలు తిరగేశాడు. "వాళ్ళది వేరే బడి" అన్నాడు జాయింట్ డైరెక్టరు చివరికి. "అక్కడ... అక్కడ పద్ధతి వేరు."

"ఏం పద్ధతి సారూ?"

"అంటే... అక్కడ పిల్లల్ని వాళ్ళకు తోచినట్టు ఆలోచించమంటారు."

తల్లులున్న వైపు నుంచి ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగిపోయి ఇంకోలా మారింది. చాపలు కదిలాయి. బెంచీలు జరిగాయి. స్వరూప వేదిక ఎక్కి కూతురి చేతిలోని పట్టీ తీసుకుంది. "ముడులు కట్టేది మేమే, విప్పేది మేమే" అని దాన్ని నూలు పక్కన పడేసింది. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్క తల్లీ తన పిల్ల దగ్గరికి పోయింది. నలభై ఆరు పట్టీలు బల్ల మీద పడ్డాయి. హైమవతి గోడ పక్కన నిలబడి ఒక్కొక్కటే లెక్క పెట్టినట్టు చూస్తూ ఉండిపోయింది.

*

గెలిచారనుకోవద్దు. కంచనపేటను ప్రాజెక్టు నుంచి తీసేశారు, అంతే. 'స్థానిక అభ్యంతరాల దృష్ట్యా' అని కాగితం వచ్చింది. తక్కిన జిల్లాలకు పట్టీ పోయింది. మేకలు కాసే పిల్ల ఏ ఊరిదో కనుక్కుని శ్రీశైలం అక్కడికి రెండుసార్లు పోయి వచ్చాడు. అక్కడి తల్లిదండ్రులు మార్కుల కాగితం చూపించి అతన్ని పొమ్మన్నారు. వాళ్ళ మీద కోపం రాలేదు. తనూ ఆ కాగితం చూసే సంబరపడ్డాడు గదా ఒకప్పుడు. ల్యాబు కొలువు పోయింది. అక్క ఇంట్లోనే ఉంటూ ఆసు పోస్తున్నాడు. బావ రోజూ ఒకసారి, "ఏం సైంటిస్టూ, పోగులు తెగుతున్నయా?" అంటాడు. తెగుతున్నాయి.

ఇందుజ మార్కులు మళ్ళీ కిందికి వచ్చాయి. మడత మాత్రం రాలేదు. రోజూ బడి నుంచి వచ్చి మామ పక్కన కూర్చుంటుంది. నూలు చేతిలోకి తీసుకుంటుంది. కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసింది. దానికే ఇంకా భయమేసింది అందరికీ. వచ్చే నెలలో పిల్లకు పన్నెండు నిండుతాయి.

అట్లా ఉండగా ఒక సాయంత్రం ల్యాబు నుంచి ఫారం వచ్చింది. 'పట్టీ తొలగించిన తర్వాత విద్యార్థి పరిస్థితి' అని పైన ఉంది. కింద రెండు గడులు. తిరిగి వచ్చింది, తిరిగి రాలేదు. ఏదో ఒకదానికే టిక్కు పెట్టవలెను. శ్రీశైలం ఫారాన్ని మోకాలి మీద పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

పక్కన ఇందుజ కళ్ళు మూసుకుని కూర్చుంది. నూలును వేళ్ళ నడుమ మెల్లగా జరుపుతున్నది. జరిపి ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకు వచ్చింది.

"మామా."

"ఆఁ."

"కనిపిస్తలేదు మామా. అసలే కనిపిస్తలేదు."

"పోనియ్ బిడ్డా. రేపు చూద్దాం."

"కాదు, విను. గీడ లావుంది. గటు చివర సన్నగుంది. గీడ నాలుగు పోగుల లావు." ఆమె కళ్ళు తెరవలేదు. బొటనవేలితో నూలును నొక్కి పట్టుకుంది. "గీడ ఒక్కటి కడితె నాలుగు కట్టినట్టే. కదా? అంటె... నేను గీసిన పువ్వుల మూడు పావులు ఎక్కువున్నయ్. కదా మామా?"

స్వరూప పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గడపలో నిలబడింది. మగ్గం చప్పుడు ఆగింది.

శ్రీశైలం రెండు గడుల వైపు చూశాడు. పోయింది పోయినట్టే ఉంది, అది రాలేదు. ఇది వేరేది. దీనికి ఆ ఫారంలో గడి లేదు. పెన్నుకు మూత పెట్టి, ఫారాన్ని మడిచి, ఊగుతున్న ఆసు కాలి కిందికి తోసి, పిల్లకు ఎదురుగా జరిగి కూర్చున్నాడు.

"ఎట్ల తెలిసింది బిడ్డా?" అని అడిగాడు.

ఇందుజ కళ్ళు తెరిచింది. ఆ ప్రశ్న తననే అడిగారా అన్నట్టు చూసింది. తర్వాత మామ చేయి గుంజి నూలు మీద పెట్టి, అతని బొటనవేలిని తన వేలితో నొక్కి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.